పైడితల్లి అత్తకు అనుమతి పత్రం

సలిందా దీవుల్లో ఇంగ్లీషు మాస్టరుగా చేరిన మూడో నెలలో నాకొక సర్క్యులర్ అందింది. ఇకమీదట ఇంగ్లీషు బోధించు ప్రతి ఉపాధ్యాయుడూ ఇంగ్లీషులోనే కలలు కనవలెననీ, ఇతర భాషలలో కలలు కనువారి నియామకం రద్దగుననీ అందులో ఉంది. కింద సంతకం, సంతకం కింద ముద్ర, ముద్ర కింద ‘చెట్లు నాటుదాం’ అనే నినాదం ఉన్నాయి. కాబట్టి అది హాస్యానికి రాసింది కాదని తెలిసిపోయింది.

ఆ దేశం గురించి రెండు మాటలు చెప్పాలి. మలయులు, చీనావాళ్లు, తమిళులు, వందేళ్ల కిందట కొబ్బరితోటల పనికి ఓడలెక్కి వచ్చిన మన తెలుగువాళ్లు, వీళ్లందరూ కలిసి కన్న మరికొందరు అక్కడ ఉంటారు. ఎవరి పండగైనా అందరికీ సెలవే. బజారులో చేపలమ్మే మనిషి నాలుగు భాషల్లో బేరమాడుతుంది, అయిదో భాషలో తిడుతుంది. ఇంతమందిలో ఏ ఒక్కరి భాషకూ పెద్దపీట వేయకూడదని, అందరికీ సమానంగా రాని భాషను వెతికి బడుల్లో పెట్టారు. ఆ భాష నేర్పడానికి నన్ను శ్రీకాకుళం నుంచి పిలిపించారు.

ఇంగ్లీషు పరీక్షా ఫలితాలు పదకొండేళ్లుగా కదలకుండా ఒకేచోట నిలబడి ఉన్నాయి. పుస్తకాలు మార్చారు, బల్లలు మార్చారు, నల్లబోర్డుకు పచ్చరంగు వేశారు. చివరికి విద్యా మంత్రిత్వ శాఖ ఒక విదేశీ నిపుణుణ్ని రప్పించింది. ఆయన సముద్రపు ఒడ్డున హోటల్లో మూడు వారాలుండి, ‘మనిషి ఏ భాషలో కలగంటాడో అదే అతని భాష’ అని ఒక వాక్యం రాసిచ్చి వెళ్లిపోయాడు. నేను మనస్తత్వశాస్త్రం చదువుకున్నవాణ్ని. ఆ వాక్యంలో కొంత నిజముందని నాకు తెలుసు. కొంత నిజమున్న వాక్యం సర్కారు చేతిలో పడితే ఏమవుతుందో మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు.

సర్క్యులర్‌ను వివరించడానికి డైరెక్టర్ డాక్టర్ అస్మాదీ స్వయంగా మా పాఠశాలకు వచ్చారు. పొడుగాటి మనిషి. వాక్యం అయిపోయాక కూడా కాసేపు నోరు తెరిచే ఉంచుతారు, చప్పట్లకు చోటిస్తున్నట్టు.

“సహోదర ఉపాధ్యాయులారా!” అన్నారు. “మానవ జీవితంలో మూడోవంతు నిద్ర. ఇంతకాలం మనం మెలకువకు మాత్రమే విద్య గరిపాము. నిద్రను నిరక్షరాస్యంగా వదిలివేశాము. ఇది జాతీయ వనరుల దుర్వినియోగం కాదా?”

చప్పట్లు కొట్టాం. ఒక పెద్ద పంతులమ్మ లేచి, “సార్, నాకు అసలు కలలే రావండి” అంది.

“కలలు రానివారి పోస్టులు ఖాళీగా పరిగణింపబడును.”

“మరి కలలో ఎవరూ మాట్లాడకపోతే?”

డైరెక్టర్‌గారు ఒక క్షణం ఆలోచించారు. “అట్టివారిని మూకీ చిత్రాల కాలానికి చెందినవారుగా భావించి సగౌరవంగా పదవీ విరమణ ఇవ్వబడును.”

పంతులమ్మ కూర్చుంది. ఆమెకు ఆ మర్నాటి నుంచే కలలు రావడం మొదలయింది.

రసాయనశాస్త్ర ప్రయోగశాలలోని గాజుసామాను వరండాలోకి చేర్చి, లోపల నులకమంచాలు వేసి, దానికి ‘శయన విభాగం’ అని బోర్డు పెట్టారు. అంతా ఆఫీసు వేళల్లోనే జరగాలి గనుక పరీక్ష మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడున్నర వరకు. ఆ దేశపు ఎండకు ఆ వేళలో ఎవరూ నిద్ర కోసం వెతుక్కోనక్కర్లేదు. ఇన్‌స్పెక్టర్ సవరిముత్తు మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు. లేవగానే, “ఏ భాష? ఎవరు? ఏమన్నారు?” అని మూడు ప్రశ్నలు వేసి జవాబులు రాసుకుంటారు.

మా పాఠశాలలో ముప్ఫై ఒక్కమంది ఇంగ్లీషు టీచర్లం. ముప్ఫై మందికీ ఒకే కల వచ్చింది. బయట మంచు కురుస్తోంది, లోపల కుంపటి మండుతోంది, ఒక తెల్లటి ముసలావిడ టీ పోస్తూ వాతావరణం గురించి మాట్లాడుతోంది. అది ఆరో తరగతి వాచకంలో మొదటి పేజీ. ఆ ముప్ఫై మందిలో ఒక్కరైనా మంచును ఐస్‌ఫ్రూట్ బండిలో తప్ప చూసి ఎరుగరు. సవరిముత్తుగారు మాత్రం చాలా ఆనందించారు. “ఇంత క్రమశిక్షణ మెలకువలో కూడా చూడలేదు” అని నివేదికలో రాశారు.

నేనూ మంచు కురిపించి ఉందును. కాని నాకు చిన్నప్పటి నుంచీ నిద్రలో మాట్లాడే జబ్బుంది. గొణుగుడు కాదు. శుభ్రంగా ఊపిరి తీసుకుని, ఎదుటివాళ్ల మాటలు కూడా నేనే, వాళ్ల గొంతుతోనే మాట్లాడతాను. మెలకువలో రోజుకు పది వాక్యాలకు మించి మాట్లాడని మనిషికి ఇది ప్రకృతి చేసిన సర్దుబాటు అనుకుంటాను. పది మందిలో ఒంటరిగా ఉండేవాడు ఎక్కడో ఒకచోట సభ పెట్టుకోక తప్పదు.

“మిస్టర్ కూర్మారావ్, మీరు నలభై నిమిషాలు మాట్లాడారు” అన్నారు సవరిముత్తు, నేను కళ్లు నులుముకుంటుంటే. “అందులో ఒక్క ముక్క ఇంగ్లీషు లేదు.”

“మీకు తెలుగు వచ్చా సార్?”

“రాదు. ఇంగ్లీషు కాదని మాత్రం గట్టిగా చెప్పగలను. అందులో ఒక స్త్రీ ఉంది. ఆమె మిమ్మల్ని తిడుతోంది. ఎవరామె?”

దాచి లాభం లేదు. “మా మేనత్త. పైడితల్లి అని, మా నాన్నగారి అక్క.”

నన్ను పెంచింది ఆవిడే. పోయి నాలుగేళ్లయింది. అక్కడ మా ఊళ్లో ట్యుటోరియల్ కాలేజీ వాళ్లు మాకు నలుగురికి ఒక గది ఇచ్చారు. నేను నిద్రలో నోరు తెరిస్తే చాలు, ఎవరో ఒకరు డొక్కలో పొడిచేవారు. అందువల్ల ఆ నాలుగేళ్లూ ఆవిడ రావడానికి వీలుపడలేదు. ఈ దీవిలో నాకు విడిగా ఒక గది ఇచ్చారు. చేరిన అయిదో రోజు మధ్యాహ్నమే అత్త వచ్చింది. గోడవారగా కాళ్లు చాపుకుని, చింతపండులోంచి పిక్కలు తీస్తూ, “ఇంత దూరం వొచ్చీసేవేటిరా గుంటడా! ఓడలెక్కి సముద్రాలు దాటితే నాకెలా తెలుస్తాది?” అంది. అప్పటి నుంచి రోజూ వస్తోంది. ఈ ఉద్యోగం పోతే నేను మళ్లీ ఆ నలుగురి గదికే పోవాలి. అంటే అత్త రెండోసారి పోతుంది. నాకు కావలసింది ఉద్యోగం కాదు, ఆ గది.

ఇదంతా సవరిముత్తుగారికి చెప్పలేదు. ఆయన సంచీలోంచి ఒక ఫారం తీశారు. ‘స్వప్నములందు పరభాషా వ్యక్తుల ప్రవేశమునకు అనుమతి పత్రం’.

“విద్యార్హత?”

“ఏమీ లేదండి. బడికి వెళ్లలేదు.”

“రాకకు కారణం?”

“చూసి పోవడానికి.”

“ఎన్నాళ్లుంటారు?”

“అది నా చేతిలో లేదండి.”

“వయసు?”

“పోయేనాటికి డెబ్బై రెండు.”

ఆయన కలం ఆగింది. “దివంగతులా! ముందే చెప్పవద్దా? అయితే వయోపరిమితి వర్తించదు. ఆరోగ్య ధ్రువపత్రం కూడా అక్కర్లేదు.” ఆయన ముఖం తేటపడింది. “మిస్టర్ రావ్, శాఖ కఠినమైనదే గాని నిర్దయమైనది కాదు. మీకు రెండు మార్గాలున్నాయి. ఒకటి, మా మానసిక పారిశుద్ధ్య అధికారి వారానికి మూడుసార్లు వచ్చి ఆమెను మీ మనస్సు నుంచి తొలగిస్తారు.”

“రెండోది?”

“ఆరు వారాల్లో ఆమెకు ఇంగ్లీషు నేర్పండి. మీరు ఇంగ్లీషు టీచరే కదా?”

రెండో మార్గం కింద సంతకం పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం క్యాంటీన్లో అన్నం తింటూ ఈ మాట వంటమనిషి నరసాయమ్మతో అన్నాను. నరసాయమ్మ ముత్తాత నరసన్నపేట దగ్గర నుంచి తోటల పనికి వచ్చాడు. నాలుగు తరాలైనా ఆవిడ మాట ఆ ఊరు దాటలేదు.

“ఓలమ్మో! సచ్చిపోయినావిడికి సదువా?” అంది గరిటె చేత్తో పట్టుకునే. “బతికున్నోళ్లకి రాక ఈళ్లు పడతన్న పాట్లు సాలవేటి బాబూ?”

“వస్తే ఇంగ్లీషులో రావాలట.”

“అయితే నా మొగుడు రావట్లేదంటే అదే కాబోలు. ఆడికి ఇంగిలీసు రాదు.” నా కంచం వంక చూసి, “రాకపోతేనే నయంలెండి” అని మజ్జిగ పోసింది.

పాఠాలు మొదలుపెట్టాను. పడుకునే ముందు పాఠ్యప్రణాళిక రాసుకుని దిండు కింద పెట్టుకునేవాణ్ని. మొదటి రోజు కలలో అత్తకు కుర్చీ వేసి పలక ఇచ్చాను; ఆవిడ గోడ వదలలేదు. పిల్లి ఒకటి కూడా దొరికింది. దాన్ని చూపించి, “ఇది పిల్లి” అని ఇంగ్లీషులో చెప్పి అత్తను అనమన్నాను.

“అది పిల్లని నాకు తెల్దేటి?”

“తెలుసు అత్తా. అయినా ఇంగ్లీషులో చెప్పాలి.”

“ఎవరికి? నీకూ కనిపిస్తంది, నాకూ కనిపిస్తంది. దానికా సెప్పాలి?”

నాకు ఆరేళ్ల అనుభవముంది గాని ఈ ప్రశ్న ఏ విద్యార్థీ వేయలేదు. రెండో వారంలో మర్యాదలకు వచ్చాం. ‘మీరెలా ఉన్నారు?’ అని నేనడగాలి, ‘నేను చాలా బాగున్నాను, కృతజ్ఞతలు’ అని ఆవిడ ఇంగ్లీషులో చెప్పాలి.

“నాను సచ్చి నాలుగేళ్లయిందిరా” అంది అత్త. “బాగున్నానని ఎలా సెప్పమంటావు?”

“అది మర్యాద అత్తా. ఎవరడిగినా అలాగే అనాలి.”

“సచ్చినోళ్ల సేత కూడా బాగున్నామనిపించీస్తారేటి ఆళ్లు! గట్టోళ్లే.” చింతపిక్క ఒకటి నా మీదికి విసిరింది. “ఊ, సెప్పు. ఏటనాలి?”

కలలో కనిపించే మనిషి మన మనసు తయారుచేసిన బొమ్మేనని పుస్తకాలు చెబుతాయి. అదే నిజమైతే ఆవిడ ప్రశ్నలన్నీ నావే. నా ప్రశ్నలకు నా దగ్గరే జవాబులెందుకు లేవో ఆ పుస్తకాలు రాసినవాళ్లను అడగాలని ఉంది. వాళ్లెవరికీ పైడితల్లి అనే అత్త ఉన్నట్టు లేదు.

నేను ఇలా శ్రమపడుతుంటే పాఠశాలలో మరో అద్భుతం జరిగింది. మా తోటమాలి బాకీర్‌కు డెబ్బై ఏళ్లుంటాయి. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఒకనాడు మందారాల వెనక గోనెపట్టా పరుచుకుని నిద్రపోతుంటే అటు వెళుతున్న సవరిముత్తుగారి చెవిన ఒక గర్జన పడింది. “నా టోపీ ఎవరు తీశారు? ఓరి వెధవా, గుర్రం ఏది?” అని, నిఖార్సయిన దొరల ఇంగ్లీషులో. బాకీర్ చిన్నతనంలో పన్నెండేళ్లు ఒక తోట దొర బంగళాలో పనిచేశాడట. ఆ పన్నెండేళ్లూ బాకీర్ చెవుల్లోంచి లోపలికి వెళ్లి, మెలకువకు అందనంత అడుగున భద్రంగా ఉన్నాయి.

వారం తిరక్కుండా బాకీర్‌ను ఇంగ్లీషు శాఖాధిపతిగా నియమించారు. దీవులన్నిటిలోనూ దోషం లేకుండా ఇంగ్లీషులో కలగనే మనిషి ఆయనొక్కడే. అయితే ఆయన ప్రతిభ నిద్రలో తప్ప బయటపడదు గనుక పాఠాలు కూడా నిద్రలోనే చెప్పాలి. తరగతి మధ్యలో మంచం వేశారు. నలభై మంది పిల్లలు చుట్టూ కూర్చుని, పెన్సిళ్లు చెక్కుకుని, ఆయన నోటి వంక చూస్తూ ఉండేవారు. గురకలను కూడా కొందరు రాసుకున్నారు.

పై వారం నుంచి పిల్లలు కూడా తరగతిలో నిద్రపోవాలన్నారు. ‘మీ కుమారుడు రెండో పీరియడులో మేలుకుని ఉండగా పట్టుబడినాడు’ అని తల్లిదండ్రులకు ఉత్తరాలు వెళ్లాయి. ఇళ్లలో జోలపాటలు నిషేధించి, వాటి బదులు పాడడానికి రైల్వే ప్రకటనల పాఠం అచ్చువేసి పంచారు. ఆ దీవుల్లో రైలు లేదు.

డైరెక్టర్‌గారు తనిఖీకి వచ్చి ఒక పదేళ్ల అమ్మాయిని ఇంగ్లీషులో పేరడిగారు. ఆ పిల్ల నడుమున చేతులు పెట్టుకుని, కళ్లెర్రజేసి, “నా టోపీ ఎవరు తీశారు?” అంది.



“ఆ స్వరంలోని అధికారాన్ని గమనించారా?” అన్నారు డైరెక్టర్‌గారు మెల్లగా. “పుస్తకాల వల్ల వచ్చేది కాదిది.” పిల్లకు బహుమతి ఇచ్చారు. బహుమతి ఒక దిండు.

ఆ సాయంత్రం బాకీర్ నా దగ్గరికి వచ్చి మలయ్‌లో, “మాస్టర్, నేను నిద్రలో ఏమంటున్నాను? ఎవరూ చెప్పడం లేదు” అన్నాడు. చెప్పాను.

“అవి ఆయన నన్ను తిట్టిన తిట్లు మాస్టర్. టోపీ ఎప్పుడూ ఆయన నెత్తిమీదే ఉండేది.” తలవంచుకుని మట్టి గోళ్లు చూసుకున్నాడు. “వాటినేనా పిల్లలు రాసుకుంటున్నారు?”

“వాటినే.”

“నన్ను మళ్లీ మొక్కల దగ్గరికి పంపించమని ఎవరికి చెప్పుకోవాలి?”

ఎవరికి చెప్పుకోవాలో నాకూ తెలియదు. మొక్కలకు నీళ్లు పోయడానికి శాఖాధిపతి అర్హతలు మించిపోయాయని ఆఫీసు వాళ్లు చెప్పారట.

నాలుగో వారం దాటేసరికి అత్తకు పాఠం పట్టుబడింది. పిల్లి, బల్ల, వాతావరణం వచ్చేశాయి. అయిదో వారంలో ఒకరోజు, నేను శయన విభాగంలో తనిఖీకి పడుకున్నప్పుడు, వచ్చి గోడవారన కూర్చోలేదు. కుర్చీలో కూర్చుంది. బతికున్నన్నాళ్లూ ఆవిడ కుర్చీ ఎక్కడం నేను చూడలేదు. పాదాలు నేలకు అందడం లేదు. చేతిలో చింతపండు లేదు. వీపు నిటారుగా పెట్టి, ఇంగ్లీషులో, “మీరెలా ఉన్నారు? ఈరోజు ఎండగా ఉంది” అంది. నేనూ ఇంగ్లీషులో అవునన్నాను. తర్వాత ఇద్దరికీ ఏమీ తోచలేదు. ఎవరో పరిచయం లేని దొరసాని ఇంటికి వచ్చి వెళ్లినట్టు కల అయిపోయింది.

కళ్లు తెరిచాను. సవరిముత్తుగారు నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. “శభాష్! రెండు వాక్యాలు! ఉచ్చారణలో కొంచెం చింతపండు ఉంది గాని, పరవాలేదు.”

పరీక్ష తప్పితే గది పోతుంది, గదితోపాటు అత్త పోతుంది. నెగ్గితే గది మిగులుతుంది గాని అందులోకి వచ్చేది అత్త కాదు. ఆవిడ మొహం తగిలించుకున్న ఆరో తరగతి వాచకం. రెండు వైపులా పోయేది ఆవిడే. మధ్యలో ఆవిడను కూర్చోబెట్టి పిల్లి, బల్ల అని వల్లెవేయిస్తున్నది మాత్రం నేను.

తుది పరీక్షకు నలుగురు సభ్యుల కమిటీ వచ్చింది. డైరెక్టర్ అస్మాదీ, సవరిముత్తు, చీనా బడుల తరపున మేడమ్ గో, రిటైరై ఇరవై ఏళ్లయినా కమిటీల నుంచి అందరూ తీసేయడం మరిచిపోయిన మిస్టర్ పెరేరా. మాటలు రాసుకోవడానికి స్టెనోగ్రాఫర్ మిస్ సలీనా. ఆ అమ్మాయికి దీవుల్లోని భాషలన్నీ వచ్చు. వాళ్ల నాన్నది బజారులో చేపల దుకాణం.

కమిటీకి భోజనం నరసాయమ్మ వండింది. కొబ్బరన్నం, చేపల పులుసు, పైన గడ్డపెరుగు. “కడుపారా తినండి దొరల్లారా” అని కొసరి కొసరి పెట్టింది. డైరెక్టర్‌గారు మూడోసారి వద్దంటే, “నా మీదొట్టు” అంది. ఆ భాష ఆయనకు రాదు గాని పెరుగు వేయించుకున్నారు.

ఒంటిగంటన్నరకు శయన విభాగంలో తలుపులు మూశారు. ఫ్యాను కిర్రుమంటోంది. డైరెక్టర్‌గారు గంభీరంగా, “అభ్యర్థి నిద్రకు ఉపక్రమించవచ్చు” అన్నారు. నేను ఉపక్రమించాను.

అత్త అప్పటికే వచ్చి ఉంది. జరీ అంచు చీర కట్టుకుంది. కుర్చీ అంచున కూర్చుని, ఒళ్లో పలక పెట్టుకుని, పెదవులు కదిలిస్తూ ఏదో వల్లెవేసుకుంటోంది. నన్ను చూసి ఉలిక్కిపడింది. ఊరి కరణాన్ని వీధిలో నిలబెట్టి కడిగేసిన మనిషి చేతులు వణుకుతున్నాయి. అది చూడలేకపోయాను.

“అత్తా” అన్నాను తెలుగులోనే, గట్టిగా, కమిటీ మొత్తానికీ వినబడేటట్టు. “ఇంక పాఠాలు లేవు. నీకు సెలవిచ్చేశాను. ఇంగ్లీషు వద్దు, ఏమీ వద్దు. నీ మాటలో నువ్వు మాట్లాడు.”

ఆవిడ నా వంక చూసింది. పలక చంకలో పెట్టుకుంది. ఏ భాషలోనూ ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయింది. ఆ ముఖంలో కనిపించింది ఊరట అని నిర్ధారించుకున్నాను. మనస్తత్వశాస్త్రంలో నాకు ప్రథమ శ్రేణి వచ్చింది.

కళ్లు తెరిచి తీర్పు కోసం చూశాను. ఫ్యాను కింద కమిటీ యావత్తూ నిద్రపోతోంది. డైరెక్టర్‌గారి నోరు ఎప్పటిలాగే తెరిచి ఉంది గాని ఈసారి లోపలి నుంచి మాటలొస్తున్నాయి. సవరిముత్తుగారు ఎక్కిళ్లు పెడుతున్నారు. మేడమ్ గో గాలిలో దేన్నో వేలితో లెక్కపెడుతోంది. పెరేరాగారు పాడుతున్నారు. మిస్ సలీనా ఒక్కతే మేలుకుని, చెమట తుడుచుకుంటూ, పేజీ తరవాత పేజీ రాస్తోంది.

“ఏం చేస్తున్నారు?” అన్నాను గొంతు తగ్గించి.

“గదిలో నిద్రలో పలికిన ప్రతి మాటా రాయాలని ఆర్డరు మాస్టర్. ఎవరి నిద్ర అన్నది అందులో లేదు.”

మూడున్నరకు గంట మోగింది. కమిటీ ఒకేసారి సర్దుకుని కూర్చుంది. డైరెక్టర్‌గారు టై సవరించుకుని, “చాలా నిశితంగా పరిశీలించాము. మిస్ సలీనా, నమోదైన మాటలు చదవండి” అన్నారు.

ఆ అమ్మాయి లేచి నిలబడి చదివింది. “అభ్యర్థి, తెలుగులో: నాలుగైదు వాక్యాలు. డైరెక్టర్‌గారు, మలయ్‌లో: ‘అమ్మా, గేదె నా వెంటపడింది, తలుపు తియ్యి.’ ఇది మూడుసార్లు. సవరిముత్తుగారు, తమిళంలో: ‘అది నా బెల్లపు జీడి, తమ్ముడు లాక్కున్నాడు.’ ఏడుపు, ఆరు నిమిషాలు. మేడమ్ గో, చీనాలో: కోడిపిల్లలు పంతొమ్మిది ఉన్నాయి, ఇరవయ్యోది దొరకలేదు. పెరేరాగారు, జాలర్ల భాషలో: పాట. అర్థం...” ఆ అమ్మాయి ఎర్రబడింది. “అర్థం చదవమంటారా సార్?”

“వద్దు” అన్నారు పెరేరాగారు. ఇరవై ఏళ్లలో కమిటీలో ఆయన అన్న మొదటి మాట అదేనట.

ఫ్యాను కిర్రుమంటూనే ఉంది. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. నిబంధన ప్రకారం ఇప్పుడు ఆ గదిలో నలుగురి ఉద్యోగాలూ ఒకరి పింఛనూ పోవాలి. ఇన్‌స్పెక్టర్ సవరిముత్తు మెల్లిగా, “గేదె మిమ్మల్ని పొడవలేదు కదా సార్?” అన్నారు. ఆయన గొంతులో నేను మొదటిసారి ఒక మనిషిని విన్నాను.

“అమ్మ తలుపు తీసింది” అన్నారు డైరెక్టర్‌గారు. తర్వాత పొడుగ్గా లేచి నిలబడ్డారు.

“కమిటీ తీర్మానం రాసుకోండి. పరీక్షా సమయంలో అభ్యర్థి నిద్ర, కమిటీ నిద్రతో సంపూర్ణంగా ఏకీభవించినది. భేదాభిప్రాయం ఏ దశలోనూ కనబడలేదు. కావున అభ్యర్థి ఏకగ్రీవంగా ఉత్తీర్ణుడైనట్టు ప్రకటించడమైనది.”

ఈసారి నిజంగానే చప్పట్లు కొట్టాం. సర్క్యులర్‌ను రద్దుచేయలేదు. మంత్రిత్వ శాఖలో దేన్నీ రద్దుచేయరు. ఇకపై కలలను రాసుకునే పని నిద్రపోయినవారికే అప్పగించడమైనదని ఒక సవరణ మాత్రం వచ్చింది. బాకీర్‌కు దీర్ఘకాలిక విశ్రాంతి సెలవు ఇచ్చారు. ఆయన దాన్ని మందారాలకు నీళ్లు పోస్తూ గడుపుతున్నాడు. నా నియామకం ఖాయమైంది. గది నాకే ఉంది.

అత్త రాలేదు.

ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు. నరసాయమ్మ చేత గడ్డపెరుగు వేయించుకుని పడుకున్నాను. మానసిక పారిశుద్ధ్య అధికారి నాకు తెలియకుండా వచ్చి పనిచేసిపోయాడేమోనని కూడా అనుమానించాను. పదిరోజులు ఖాళీ నిద్ర పోయాను. మూకీ చిత్రాలైనా రాలేదు.

పదకొండో రోజు మధ్యాహ్నం వచ్చింది. కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి, చంకలో పలకతో, నన్ను ఎగాదిగా చూసింది.

“ఎవుర్నడిగి మానిపించేవురా నా సదువు?”

“నీకోసమే అత్తా. నీకు కష్టంగా ఉందని.”

“కష్టంగా ఉందని నాను సెప్పేనా?”

“పాఠమంతా తిడుతూనే ఉన్నావు కదా!”

“తిట్టుకోకండా నేర్సుకుంటారేటి ఎవులైనా?” లోపలికి వచ్చింది. “నాకు ఏడేళ్లప్పుడు మా అయ్య నా సేతిలో పలక లాగీసి మీ నాయనకిచ్చీసేడు. ఈ గుంటకి సదువెందుకు, దూడల్ని కాసుకుంటాదన్నాడు. నన్నడగలేదు. ఇన్నాళ్లకి నువ్వు పలకిచ్చేవు, కుర్సీ ఏసేవు. ఆ పెద్దోళ్లందరి ముందరా అప్పజెప్దామని నాను సీర కట్టుకుని వొస్తే సెలవంటావా? నువ్వూ అడగలేదు.”

చేతులు వణికింది భయంతో కాదని అప్పుడు తెలిసింది. కుర్చీలో నిటారుగా కూర్చున్న దొరసాని ఎవరో కూడా తెలిసింది. ఆమె ఏడేళ్ల పిల్ల. పాదాలు నేలకు అందకపోవడానికి కారణం నేను వెతుక్కోవలసింది పుస్తకాల్లో కాదు.

“తప్పయింది అత్తా” అన్నాను. “ఏ మాట కావాలి నీకు?” అంతవరకూ నేను ఎప్పుడూ అడగలేదు.

ఆవిడ గోడవారగా కాళ్లు చాపుకుని కూర్చుంది. పలక మోకాళ్ల మీద పెట్టుకుని, చీరకొంగుతో తుడిచి, బలపం నోట్లో తడుపుకుంది.

“దూడనేటంటారు?”

చెప్పాను. ఆ మాటను నోట్లో అటూ ఇటూ తిప్పింది, పులుసులో ఉప్పు చూసినట్టు. తర్వాత వంకర టింకరగా పలక మీద రాసుకుంది. తనలో తనే నవ్వుకుని, తలెత్తి నా వంక చూసింది.

“మరి దాని తల్లినో?” అంది.